పెద్దవాళ్ల గదికి ఎంత చల్లదనం కావాలి?

వృద్ధాశ్రమం కట్టించాలనుకునే దాతలు ఆర్కిటెక్టును అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. ఎన్ని గదులు వస్తాయి? గుడి ఎక్కడ వస్తుంది? లిఫ్టు తప్పదా? ఏసీ గదులు ఎన్ని? దాతల పేర్ల ఫలకం ఏ గోడకు బాగుంటుంది? శ్లాబ్ మీద ఏం వేస్తున్నారని అడిగేవాళ్లు మాత్రం అరుదు. మే నెలలో రాత్రి పదింటికి పై అంతస్తులో పడుకున్న డెబ్బై ఎనిమిదేళ్ల మనిషికి నిద్ర పడుతుందా లేదా అన్నది ఆ శ్లాబే తేలుస్తుంది.

పెద్దవాళ్లకు హాయిగా ఉండాలి, కరెంటు బిల్లు పేలకూడదు, పర్యావరణానికి చేటు చేయకూడదు. ఈ మూడూ కలిసి రావని, ఒకటి కావాలంటే ఇంకొకటి వదులుకోవాలని చాలామంది అనుకుంటారు. నిజానికి అవి ఢీకొనేది ఒకటి రెండు చోట్లే. ఆ చోట్లు ఏవో తెలియాలంటే ముందు ఒంటి సంగతి చూడాలి, ఆ తర్వాతే కట్టడం.

ఒళ్లు చెప్పేది, చెప్పనిది

మనకు వేడిగా ఉందా, చల్లగా ఉందా అన్నది గదిలో గాలి ఉష్ణోగ్రత ఒక్కటే తేల్చదు. మొత్తం ఆరు సంగతులు కలుస్తాయి. నాలుగు గదివి: గాలి వేడి, చుట్టూ ఉన్న గోడలూ పైకప్పూ వెదజల్లే సెగ, గాలి కదలిక, గాలిలో తేమ. రెండు మనిషివి: కట్టుకున్న బట్ట, చేస్తున్న పని. డెన్మార్క్ పరిశోధకుడు ఫాంగర్ 1970లో ఈ ఆరింటినీ ఒక సూత్రంలో పెట్టాడు. ప్రపంచమంతటా ఏసీ భవనాల లెక్కలు చాలాకాలం దాని మీదే నడిచాయి. ఆ సూత్రానికి ఆధారమైన ప్రయోగాల్లో, వేడినీ తేమనూ అదుపులో ఉంచిన గదుల్లో కూర్చున్నది ప్రధానంగా అమెరికా, డెన్మార్క్ కాలేజీ కుర్రాళ్లు. లుంగీ కట్టుకుని ఫ్యాన్ కింద పడక్కుర్చీలో కూర్చునే మనిషి ఆ లెక్కలో లేడు.

ఆ లోటు మన దగ్గర కొంత పూడింది. పరిశోధకురాలు మాధవి ఇంద్రగంటి హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఎండాకాలం, వానాకాలం తిరిగి, జనాన్ని అడిగి, గదులు కొలిచి 2010లో ఫలితాలు ప్రచురించారు. ఎక్కువమందికి ఇబ్బంది లేకుండా ఉన్నది సుమారు 26 నుంచి 32.5 డిగ్రీల మధ్య. అటు వేడీ ఇటు చలీ లేదనిపించింది 29 డిగ్రీలకు కాస్త పైన. అప్పటి మన ప్రమాణాలు చెప్పిన 23–26 డిగ్రీలకూ దీనికీ ఎంత తేడా ఉందో చూడండి. అంటే మన జనం ఫ్యాన్ వేసుకుని, కిటికీ తెరిచి, పల్చటి బట్ట కట్టి సర్దుకుంటున్నారు. చీర విషయంలోనూ ఆమె, ఆమె సహచరులు ఆసక్తికరమైన పని చేశారు. ఒకే చీరను కట్టే తీరు మారిస్తే, కొంగు భుజాల చుట్టూ కప్పుకున్నా తీసి నడుముకు దోపుకున్నా, ఒంటికి దొరికే వెచ్చదనం చాలా మారుతుందని కొలిచి చూపించారు. మన అమ్మమ్మలకు తెలిసిన విషయమే, అంకెల్లోకి ఎక్కింది.

ఈ పరిశోధన చూసి హరిత భవనాల వాళ్లు సంతోషిస్తారు. 29, 30 దగ్గర జనం బాగానే ఉన్నారంటే ఏసీ వాడకం తగ్గించవచ్చు కదా. పడుచువాళ్ల విషయంలో ఆ మాట సబబే. డెబ్బై దాటినవాళ్ల దగ్గరకొచ్చేసరికి అది సగం నిజమే.

ఎందుకంటే వయసు పెరిగేకొద్దీ చెమట పట్టడం ఆలస్యమవుతుంది, పట్టినా తక్కువ. ఒంట్లో వేడిని బయటికి పంపడానికి చర్మానికి రక్తం ఎక్కువగా పారాలి. ఆ పారుదల మందగిస్తుంది. దాహం తెలియడం తగ్గుతుంది. బీపీకి వాడే నీళ్ల మాత్రలు ఒంట్లో నీటిని తగ్గిస్తాయి, బీటా బ్లాకర్లు గుండె వేగాన్ని పట్టి ఉంచుతాయి, మానసిక సమస్యలకూ మూత్ర సమస్యలకూ ఇచ్చే కొన్ని మందులు చెమటనే ఆపేస్తాయి. ఇన్ని జరుగుతున్నా ఆ మనిషికి వేడిగా ఉన్నట్టు అనిపించకపోవచ్చు. అదే మనిషి ఏసీ 24లో పెడితే కాళ్లు చల్లబడుతున్నాయని శాలువా కప్పుకుంటాడు. కండ తగ్గింది, చర్మం కింద రక్తం తగ్గింది, ఏసీ గాలి నేరుగా మెడ మీదో పాదాల మీదో పడుతోంది. ఆయనకు చలి నిజంగానే వేస్తోంది.

కాబట్టి ఇక్కడ రెండు వేరువేరు ప్రశ్నలున్నాయి. హాయిగా ఉందా అన్నది ఒకటి. ఒళ్లు తట్టుకుంటోందా అన్నది రెండోది. పడుచు వయసులో ఈ రెండూ చాలావరకు కలిసే నడుస్తాయి. పెద్ద వయసులో విడిపోతాయి. 'నాకేం ఉక్క లేదు బాబూ, ఆ ఫ్యాన్ తీసెయ్' అన్న మాటను 36 డిగ్రీల గదిలో నమ్మలేం. '27 ఉంది కదా, చలేమిటి' అని ఆయన మాటను కొట్టిపారేయనూ లేం. చాదస్తం అనేసి ఊరుకునే చోట నిజంగా ఉన్నది ఈ చిక్కే. మంచి కట్టడం చేయాల్సింది ఈ రెంటికీ మధ్య ఎడం తగ్గించడం. గది బాగా వేడెక్కకూడదు, చల్లబరిచే గాలి ఒంటి మీద గుచ్చకూడదు.

ముందు శ్లాబ్

హాయిని తేల్చే ఆ ఆరింటిలో మనవాళ్లు అస్సలు పట్టించుకోనిది సెగ. గదిలో థర్మామీటర్ గాలిని కొలుస్తుంది. ఒళ్లు మాత్రం గాలితో పాటు చుట్టూ ఉన్న ఉపరితలాలతోనూ వేడిని ఇచ్చిపుచ్చుకుంటుంది. గాలి పెద్దగా కదలని గదిలో గాలి 28 డిగ్రీలుండి, గోడలూ పైకప్పూ సగటున 36 ఉంటే ఒంటికి తెలిసేది ఆ రెండింటి నడుమ, 32కు దగ్గరగా. ఏసీ మీద 25 అని కనిపిస్తున్నా ఉక్కగా ఉందని పెద్దాయన అంటే ఆయన అబద్ధమాడటం లేదు. పైనున్న శ్లాబ్ ఆయన మీదికి సెగ కొడుతోంది.

మన అక్షాంశంలో ఇది మరీ ఎక్కువ. తెలుగు రాష్ట్రాలు భూమధ్యరేఖకు ఉత్తరంగా సుమారు 13 నుంచి 20 డిగ్రీల మధ్య ఉన్నాయి. అందుకే సూర్యుడు ఏడాదికి రెండుసార్లు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. హైదరాబాద్‌లో అది మే రెండో వారంలో ఒకసారి, ఆగస్టు మొదట్లో ఒకసారి. ఆ మధ్యాహ్నం నిలబెట్టిన కర్రకు నీడ ఉండదు. ఎండలు మండే నెలలోనే సూర్యుడు నెత్తి మీద ఉంటాడన్నమాట. ఆ రోజుల్లో దక్షిణపు గోడ మీద ఎండ దాదాపు పడదు. దెబ్బంతా పైకప్పు తింటుంది, సాయంత్రం పడమటి గోడ తింటుంది. అయిదారు అంగుళాల కాంక్రీటు పగలంతా తాగిన వేడిని సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాటేదాకా కిందికి కక్కుతూనే ఉంటుంది. బయట చల్లబడ్డాక లోపల వేడెక్కడం అందుకే.

పాత మిద్దెల మీద అడుగు మందం మట్టి ఉండేది. గోదావరి జిల్లాల మండువా లోగిళ్లలో పెంకుల కింద గాలి తిరిగేది, మండువాలోంచి వేడి పైకి పోయేది. ఉత్తరాంధ్ర తీరంలో చుట్టిళ్లకు తాటాకు కప్పు దాదాపు నేలదాకా దిగి గోడకు ఎండే తగలనిచ్చేది కాదు. ఇప్పుడు వృద్ధాశ్రమానికి మళ్లీ మట్టిమిద్దె వేయమని అనడం లేదు. కురిసే మిద్దె కింద ఎనభై ఏళ్ల మనిషిని ఎవరు పడుకోబెడతారు? వాటికీ మన డాబాకూ తేడా ఎక్కడో తెలిస్తే చాలు. ఎండకూ మనిషికీ మధ్య వాళ్లు ఏదో ఒకటి అడ్డం పెట్టారు, మనం తీసేశాం.

మళ్లీ పెట్టడానికి మూడు దారులున్నాయి. చవకైనది తెలుపు. సున్నం వేసినా, కూల్ రూఫ్ పెయింట్ వేసినా, తెల్ల టైల్స్ ముక్కలు పరిచినా ఎండ చాలావరకు తిరిగి వెళ్లిపోతుంది. పైకప్పు కింద గది రెండు నుంచి అయిదు డిగ్రీలదాకా తగ్గవచ్చని ఈ పథకాలు నడిపేవాళ్లు చెబుతారు. తేడా ఎంత వస్తుందనేది కిటికీలు, గోడలు, అంతస్తుల మీద ఆధారపడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు, 600 చదరపు గజాలు, అంతకు మించిన స్థలాల్లో కట్టే ఇళ్లకు దాన్ని తప్పనిసరి చేసింది. 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల పైకప్పు చల్లబడాలన్నది లక్ష్యం. సున్నానికైనా పెయింటుకైనా ఒక శాపం ఉంది, దుమ్ము. రెండు వేసవులు కడగకపోతే తెలుపు బూడిదరంగుకు వస్తుంది, పనితనం పడిపోతుంది. ఉగాదికి గడప కడిగినట్టే డాబా కూడా కడిగించే మనిషి ఆశ్రమంలో ఉండాలి.

రెండోది శ్లాబ్ మీద వేడి నిరోధక పలక. గట్టి నురుగు బోర్డు 40–50 మిల్లీమీటర్లు పరిచి, దాని మీద సిమెంటు పొర, టైల్స్ వేస్తారు. వట్టి శ్లాబ్‌లోంచి లోపలికి దిగే వేడిలో ఎక్కువ భాగాన్ని ఇది ఆపేస్తుంది. నివాస భవనాల కోసం కేంద్రం 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత పైకప్పు యూ-వాల్యూ, అంటే వేడిని దాటనిచ్చే కొలత, 1.2 వాట్లు దాటకూడదంది. వట్టి శ్లాబ్‌ది దానికి దాదాపు మూడింతలు. ఈ పలక వేస్తే సంహిత గీసిన గీత కంటే బాగా కిందికి వస్తుంది. వాటర్‌ప్రూఫింగ్ ముందు చేసి తర్వాత బోర్డు వేయాలి. మేస్త్రీతో ఇది ఎదురుండి చేయించకపోతే క్రమం తప్పుతుంది, ఆనక ఉరుపు మొదలయ్యాక తప్పంతా బోర్డు మీదికి పోతుంది.

మూడోది నీడ. డాబా మీద కాస్త ఎత్తులో సోలార్ పలకలు పెడితే అవి చలువ పందిరి పని కూడా చేస్తాయి. కింద గాలి ఆడుతుంది, శ్లాబ్ మీద ఎండ పడదు, కరెంటూ వస్తుంది. డబ్బు సరిపోతే నేను ఈ మూడింటిలో మొదట ఓటు వేసేది దీనికే. పెట్టిన డబ్బు బిల్లులో వెనక్కి వస్తుంది కాబట్టి దాతను ఒప్పించడమూ తేలిక.

నైరుతి గది తగువు

మన దగ్గర ఇంటిపెద్దకు నైరుతి గది ఇవ్వాలని వాస్తు చెబుతుంది. ఆశ్రమాల్లోనూ ప్లాన్ గీసేటప్పుడు ఈ మాట వస్తుంది. ఎండ లెక్కలో చూస్తే మధ్యాహ్నం రెండు నుంచి సూర్యాస్తమయందాకా బాగా కాలే మూలల్లో అదొకటి. రెండు అడుగుల మట్టిగోడ, బయట వసారా ఉన్న కాలంలో ఆ గది తట్టుకునేది. తొమ్మిదంగుళాల ఇటుక గోడకు, దాని మీద ఎలివేషన్ కోసం పెట్టిన పెద్ద అద్దానికి ఆ శక్తి లేదు.

వాస్తుతో పోట్లాడి గెలిచిన ఆర్కిటెక్టులు తక్కువ. గెలవాల్సిన అవసరమూ లేదు. నైరుతిలో బరువుండాలి, ఎత్తుండాలి అన్నది అదే శాస్త్రం. మెట్లు అక్కడ రావచ్చని చెప్పేదీ అదే. మెట్లు, లిఫ్టు, దుప్పట్లూ సామానూ దాచే స్టోర్ పడమర, నైరుతి వైపు పెడితే అవి ఎండను కాచుకుంటాయి, మంచాలున్న గదులు ఉత్తర దక్షిణాలకు తిరుగుతాయి. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలతాడు కాబట్టి దక్షిణపు వరండాలో పొద్దున్నే ఎండ కాగడానికి చోటు దొరుకుతుంది. ఆదిలాబాద్ వైపు డిసెంబరు, జనవరిలో చలి ఎంత కోస్తుందో ఆ జిల్లావాళ్లకు చెప్పక్కర్లేదు. ఇంటి లోపల 18 డిగ్రీల కంటే తగ్గనివ్వవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన దగ్గర ఆ సమస్య ఉన్నది కొన్ని జిల్లాల్లో, కొన్ని వారాలే.

కిటికీల దగ్గర పుస్తకాలు చెప్పేదొకటి, ఆశ్రమంలో జరిగేదొకటి. రాత్రిపూట ఎదురెదురు కిటికీలు తెరిస్తే చల్లగాలి వచ్చి గోడలను చల్లారుస్తుందని పాఠం. నిజమే. కానీ దోమలు వస్తాయి. మెష్ వేస్తే గాలి బాగా తగ్గుతుంది. తెలంగాణలో చాలా ఊళ్లలో కోతుల భయానికి పగలు కూడా కిటికీ మూసే ఉంచుతారు. దొంగల భయం సరేసరి. కాబట్టి పాఠం పనిచేయాలంటే కిటికీ వైశాల్యం మెష్ తినే గాలిని కూడా లెక్కేసి పెంచాలి, గ్రిల్ గట్టిగా ఉండాలి, పైన వెంటిలేటర్ ఉండాలి. కొత్త కట్టడాల్లో వెంటిలేటర్లు మాయమయ్యాయి. గది పైభాగంలో చేరిన వేడి పోవడానికి దారి లేకుండా పోయింది.

ఫ్యాన్, కూలర్, ఏసీ

ఫ్యాన్ గాలిని చల్లబరచదు, ఒంటి మీది చెమటను ఆరబెట్టి మనిషిని చల్లబరుస్తుంది. చెమట పట్టే ఒంటికి ఆ కదలిక రెండు మూడు డిగ్రీల తగ్గుదలతో సమానం. చెమటే సరిగా పట్టని ఒంటికి? 2016లో అమెరికా పరిశోధకులు కొద్దిమంది వృద్ధులను 42 డిగ్రీల గదిలో కూర్చోబెట్టి తేమ పెంచుతూ పోయారు. ఫ్యాన్ పెట్టినప్పుడు వాళ్ల గుండె వేగం, ఒంటి వేడి తగ్గకపోగా పెరిగాయి. అలాంటి పరిస్థితుల్లో పడుచువాళ్లకు ఫ్యాన్ మేలే చేసింది. గది 40 డిగ్రీలు దాటితే ఫ్యాన్ మీద ఆధారపడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పుడు చెబుతోంది. రెంటచింతల, రామగుండం, కొత్తగూడెం వైపు వేడెక్కిన పై అంతస్తు గది ఆ అంకెకు చేరడం వింతేమీ కాదు. అలాంటప్పుడు చేతులకూ ముఖానికీ తడి తువ్వాలు అద్ది, ఆ తడి మీద ఫ్యాన్ గాలి పడనివ్వాలి. చెమట చేయని పనిని ఆ నీళ్లు చేస్తాయి.

కూలర్ సంగతి ఊరిని బట్టి ఉంటుంది. అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్ వైపు ఏప్రిల్, మే నెలల పొడి గాలిలో అది తక్కువ కరెంటుతో బాగా పనిచేస్తుంది, కిటికీ తెరిచి ఉంచితే. తలుపులన్నీ బిగించి కూలర్ వేస్తే గంటలో గది ఆవిరిపెట్టె అవుతుంది. విజయవాడ, నెల్లూరు, విశాఖ ఉక్కపోతలో దానితో లాభం తక్కువ. నీళ్లు మార్చకపోతే డెంగీ దోమలకు అదొక తొట్టి.

ఇక ఏసీ. పర్యావరణం పేరు చెప్పి వృద్ధాశ్రమానికి ఏసీయే వద్దనేవాళ్లతో నేను ఏకీభవించను. 2015 మే నెల వడగాలుల్లో దేశంలో రెండు వేలమందికి పైగా చనిపోయారు. అందులో ఎక్కువమంది తెలుగు రాష్ట్రాలవాళ్లే. ఎండలో పనిచేసే కూలీలతో పాటు పెద్దవయసువాళ్లూ పోయారు. ఇంట్లో మంచం మీద పోయినవాళ్ల మరణం గుండెపోటు ఖాతాలోకి వెళ్లడం మామూలే, కాబట్టి లెక్కకెక్కనివీ ఉంటాయి.

అయితే గదికొక ఏసీ కూడా అక్కర్లేదు. ఇక్కడ ఫ్రాన్స్ అనుభవం పనికొస్తుంది. 2003 ఆగస్టు వడగాలులకు అక్కడ సుమారు 15 వేలమంది చనిపోయారు, అత్యధికులు 75 దాటినవాళ్లు. తర్వాత జరిగిన పరిశీలనల్లో ప్రమాదాన్ని పెంచినవాటిలో రెండు కట్టడానికి సంబంధించినవి బయటపడ్డాయి. ఒకటి, సరిగ్గా పైకప్పు కిందే పడకగది ఉండటం. రెండోది, కట్టడానికి వేడి నిరోధకం లేకపోవడం. ఆ దెబ్బ తిన్నాక ఫ్రాన్స్ ప్రతి వృద్ధాశ్రమంలో కనీసం ఒక చల్లని ఉమ్మడి గది ఉండాలని నియమం పెట్టింది. రోజుకు రెండు మూడు గంటలు అక్కడ గడిపినా ఒంటికి తెరిపి దొరుకుతుంది, గుండె మీద భారం తగ్గుతుంది.

లెక్క వేసి చూడండి. 40 గదులకు ఒకటిన్నర టన్ను ఏసీ చొప్పున 60 టన్నులు. అదే మంచి పైకప్పు కింద, నీడ ఉన్న గోడలతో ఒక పెద్ద హాలుకు ఎనిమిది, పది టన్నులు సరిపోతాయి. దాన్ని 26, 27లో పెట్టి పైన ఫ్యాన్ నెమ్మదిగా తిప్పితే చలి వేసేవాళ్లకూ ఇబ్బంది ఉండదు. గదుల్లో పాత 75 వాట్ల ఫ్యాన్ల బదులు 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెడితే, కరెంటు పోయినప్పుడు అదే ఇన్వర్టర్ రెట్టింపు సేపు నడుస్తుంది. వడగాలి రోజున హాలుకు కరెంటు ఆగకుండా జనరేటరో బ్యాటరీయో ఉండాలి. ఇది విలాసం కింద కాదు, ఆక్సిజన్ సిలిండర్ పక్కన రాసుకోవాల్సిన ఖర్చు.

ఈ పథకం చిక్కుకునేది మంచాన పడ్డవాళ్ల దగ్గర. వాళ్లు హాలుకు నడిచి రాలేరు. మంచాన్నే తోసుకు రావాలంటే తలుపు నాలుగడుగులన్నా ఉండాలి, గడప ఉండకూడదు. పసుపు రాసి బొట్టు పెట్టే గడపను తీసేయమంటే మనవాళ్లు ఒప్పుకోరు. నేలతో సమంగా, రంగు తేడాతో ఒక రాతి పట్టీ వేయిస్తే పూజా ఆగదు, చక్రమూ ఆగదు. లేదంటే మంచాన పడ్డవాళ్ల గదులు కొన్నింటిని హాలు పక్కనే కింది అంతస్తులో ఉంచి వాటికి మాత్రం ఏసీ ఇవ్వాలి. ఎందుకంటే అందరిలోకీ ఎక్కువ వేడి భరించేది వాళ్లే. పక్కకు తిరగలేరు, కింద రెగ్జిన్ పరుపు, దాని మీద ప్లాస్టిక్ షీటు, డైపరు. పూర్వం నవారు మంచం, నులక మంచం కిందనుంచి గాలి ఆడేది. పడకపుండ్ల భయంతో ఇప్పుడు అవి వాడరు, అది సరైన నిర్ణయమే. కానీ వీపు కింద గాలి ఆడదన్న సంగతి గది చల్లదనం లెక్కలో రావాలి. సాధారణంగా రాదు.

ఏసీ అయినా ఫ్యాన్ అయినా స్విచ్ ఎవరి చేతిలో ఉందన్నది ఇంకో ప్రశ్న. తన గదిలో కిటికీ, ఫ్యాన్ తనే సర్దుకోగలిగిన మనిషి కాస్త ఎక్కువ వేడినీ ఓర్చుకుంటాడని హాయి మీద జరిగిన పరిశోధనలు మళ్లీ మళ్లీ చెప్పాయి. ఆశ్రమాల్లో ఏసీ రిమోట్ వార్డెన్ జేబులో ఉంటుంది. రెగ్యులేటర్ మంచానికి అందనంత దూరంలో, తలుపు వెనక ఉంటుంది. ప్రతి మంచం పక్కన, కూర్చుంటే చేతికందే ఎత్తులో ఒక స్విచ్ బోర్డు పెట్టడానికి అయ్యే ఖర్చు, ముందు హాల్లో షాండ్లియర్ ఖర్చు కంటే తక్కువ.

కంటికి, కాలికి

వేడి ఒక్కటే కాదు కాబట్టి మిగతావి క్లుప్తంగా. అరవై ఏళ్ల కంటి లోపలికి చేరే వెలుతురు ఇరవై ఏళ్ల కంటితో పోలిస్తే దాదాపు మూడో వంతు. అందుకే పెద్దవాళ్లకు వెలుతురు ఎక్కువ కావాలి, కానీ మెరుపు ఉండకూడదు. మన బిల్డర్లు మోజుపడే నున్నటి విట్రిఫైడ్ టైల్స్ మీద కిటికీ వెలుగు పడితే నేల తడిగా ఉన్నట్టు కనిపిస్తుంది, అడుగు తడబడుతుంది. మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లకు నల్లటి టైల్స్ పట్టీ గుంతలా కనిపించి దాటలేక ఆగిపోతారు. మెరుపు లేని, ఒకే రంగు నేల చాలు. తాండూరు, షాబాద్ బండలు పాలిష్ పెట్టకుండా వేస్తే కాళ్లకు చల్లగా ఉంటాయి, పక్క జిల్లా నుంచే వస్తాయి, జారవు.

స్నానాల గదికి సోలార్ హీటర్ మంచిదే. కానీ ఎండ బాగా కాసిన రోజు ట్యాంకులో నీళ్లు 60 డిగ్రీలు దాటతాయి. స్పర్శ తగ్గిన చేతికి ఆ వేడి తెలిసేలోపే చర్మం ఊడుతుంది. చన్నీళ్లు తనంతట తనే కలిపి వేడిని 40 దగ్గర ఆపే వాల్వు పెట్టకుండా సోలార్ నీళ్లు నేరుగా కొళాయికి ఇవ్వకూడదు.

ఇవన్నీ ఎవరు చూడాలి? తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. ఆదరణ లేని పేద వృద్ధుల కోసం ప్రతి జిల్లాలో కనీసం 150 మంది ఉండగలిగే ఆశ్రమం ఒకటైనా రాష్ట్రాలు పెట్టవచ్చని అందులో ఉంది. 2019లో కేంద్ర పట్టణ వ్యవహారాల శాఖ రిటైర్మెంట్ హోమ్స్‌కు మార్గదర్శకాలు ఇచ్చింది. అవి నమూనాలే, రాష్ట్రం తనవిగా చేసుకుంటే తప్ప పట్టి అడిగేవాళ్లుండరు. హైదరాబాద్‌లోనే కేంద్రం ఉన్న భారత హరిత భవన మండలి రేటింగులు ఇస్తుంది. పరిశ్రమల సమాఖ్య సీఐఐ కట్టిన గ్రీన్ బిజినెస్ సెంటర్‌కు అమెరికా బయట ప్రపంచంలోనే మొదటి ప్లాటినం రేటింగు వచ్చిన ఊరు మనది. అయినా రేటింగు చెప్పేది భవనం ఎంత కరెంటు, ఎంత నీరు వాడుతుందన్న దాని గురించే ఎక్కువ. మూడో అంతస్తు పడమటి గదిలో ఉన్న పెద్దావిడకు రాత్రి ఎలా గడిచిందో అందులో ఉండదు.

అందుకని చివరికి అది చూసుకోవాల్సిన పని కుటుంబం మీదే పడుతోంది. ఇక్కడో ఇబ్బంది ఉంది. అమెరికాలో, గల్ఫ్‌లో ఉండే పిల్లలు చాలామంది అమ్మానాన్నలకు హోమ్ వెతికేది డిసెంబరు సెలవుల్లో, పొద్దున పదకొండింటికి. ఆ నెలలో, ఆ వేళ హైదరాబాద్‌లో ఏ కట్టడమైనా బాగానే ఉంటుంది. తోట, డైనింగ్ హాలు చూసి అడ్వాన్సు కట్టేస్తారు. వీలైతే ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడున్న బంధువునెవరినైనా రాత్రి తొమ్మిదింటికి పంపండి. ఇవ్వబోయే గదికే తీసుకెళ్లమని, శాంపిల్ గది వద్దని చెప్పమనండి. ఏసీ ఆపించి పది నిమిషాలు మంచం మీద పడుకుంటే శ్లాబ్ సెగ ముఖానికి తెలుస్తుంది. తెలియకపోతే పది రూపాయల ఖర్చు లేకుండా మంచి వార్త దొరికినట్టే. డిసెంబరులోనే చూడక తప్పదంటే గది పై అంతస్తుదా కాదా, పడమటి గోడ ఉందా, డాబా ఎక్కనిస్తారా అని అడగండి. ఎక్కనిస్తే పైన వట్టి సిమెంటు ఉందో, తెలుపో, టైల్సో కనిపిస్తుంది. తెలుపైతే చివరిసారి ఎప్పుడు కడిగారో కాపలా మనిషిని అడిగితే చాలు, మేనేజరు కంటే ఆయనకే బాగా తెలుస్తుంది.